నిఘంటువులో ఊరికి చోటు

ధర్మపురి జిల్లాలోని కడత్తూరు తమిళనాటి ఊరు. ఆ జిల్లాయందును, దాని కుత్తరముననున్న కృష్ణగిరి జిల్లాయందును తెలుగు ఇంటిమాటగా నిలిచియున్న కుటుంబములు పెక్కు కలవు. బడిలో తమిళము చదివి, వీథిలో తమిళము మాటాడి, ఇంటికి వచ్చి తెలుగు పలుకు అట్టివారి మాట ఏ ద్వారమున నిఘంటువులోనికి ప్రవేశింపగలదని విచారించినచో, మన కోశకారులు అవలంబించిన నిర్మాణక్రమములకును, నేడు కంప్యూటరు కొరకు కూర్చబడుచున్న పదకోశముల నిర్మాణములకును గల తారతమ్యము తేటపడును.

మన తొలి నిఘంటువులు అర్థప్రధానములు. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును, దానికి పూరకముగా అడిదము సూరకవి రచించిన ఆంధ్రనామశేషమును, పుదుక్కోట సంస్థానమున నుదురుపాటి వెంకన రచించిన ఆంధ్రభాషార్ణవమును అమరకోశపు మార్గముననే నడచి, ఒక్కొక్క అర్థమునకు గల నామములన్నిటిని పద్యములలో గుదిగ్రుచ్చినవి. వీనిలో చివరిది తమిళదేశముననే పుట్టినదన్న సంగతి కడత్తూరువారికి సంతోషకారణము కాదగును. కాని ఆ పద్యములలో ఏ పేరు ఏ సీమదో తెలుపు పద్ధతి లేదు. కంఠస్థము చేయుటకై పుట్టిన గ్రంథమును అంతకంటె అడుగుట న్యాయమును కాదు.

అకారాదిక్రమము వచ్చిన పిదప అర్థము వెనుకకు జరిగి పదము ముందుకు వచ్చినది. మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక, దాని నాధారముగా గొని 1821లో వెలువడిన క్యాంబెలు నిఘంటువు, 1852 నాటి బ్రౌను నిఘంటువు, 1885లో బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రకటించిన శబ్దరత్నాకరము ఈ మార్గమును స్థిరపరచినవి. బ్రౌను వాడుకమాటకును తావిచ్చినాడు. 1936లో తొలి సంపుటము వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువో, కావ్యప్రయోగమే పదమునకు ప్రవేశపత్రమని నియమము పెట్టుకొని, వ్యావహారికమును వాకిటనే నిలిపివేసినది. మహాపరిశ్రమకు నమస్కరింపవచ్చును గాని, వ్యావహారికభాషావాదియైన గిడుగు రామమూర్తి పక్షమువారి ఆక్షేపణము న్యాయమే యని నా తలంపు.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటము, అనగా వ్యవసాయపదముల సంపుటము, ఈ చరిత్రలో అసలైన మలుపు. రైతుల నోట విన్న మాటలను సేకరించి, ఏ మాట ఏ జిల్లాలో వినబడునో ఆ మాటతోపాటు ముద్రించుట వలన, స్థలము మొదటిసారిగా నిఘంటునిర్మాణములో ఒక అంగమైనది. 1971లో చేనేతపదముల సంపుటము వచ్చినది. అయితే ఆ సర్వేక్షణము ఆంధ్రప్రదేశమునకు పరిమితము. కడత్తూరు దానికి ఆవలనే ఉండిపోయినది.

కంప్యూటరు రాకతో నిర్మాణమును గూర్చిన చర్చ శాస్త్రమైనది. 1987లో ఆరంభమైన టీఈఐ (టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్) ప్రయత్నము, నిఘంటువుల విషయమున అచ్చుగ్రంథమునే ప్రమాణముగా గొని, పుటమీది రూపము వేరు, అందలి పదవిషయము వేరు అని విడదీసి, ప్రతి భాగమునకు గుర్తులు పెట్టు విధానమును ఏర్పరచినది. ఒకే పేరాలో అర్థములును ఉదాహరణములును కలిసిపోయిన బ్రౌనువంటి గ్రంథమునకు ఇది మేలైన మార్గము. 1985లో ప్రిన్‌స్టన్‌లో జార్జి మిల్లరు ఆరంభించిన వర్డ్‌నెట్ అకారాదిని త్రోసిపుచ్చి, సమానార్థకపదముల గుంపునే మూలాంశముగా చేసికొన్నది. ముంబాయి ఐఐటీ వారి హిందీ వర్డ్‌నెట్ ఆధారముగా పెరిగిన ఇండోవర్డ్‌నెట్‌లో తెలుగు భాగమును చేపట్టినది కుప్పములోని ద్రావిడ విశ్వవిద్యాలయము. కృష్ణగిరి జిల్లా దాటినంతనే కుప్పము. అమరకోశపు సంతతివారికి ఈ నిర్మాణము క్రొత్త కాదు. క్రొత్తదనమంతయు గుంపులను జాతి, అవయవ సంబంధములతో ముడివేయుటలోను, భాషలన్నిటికి ఒకే అంకెతో అర్థమును సూచించుటలోను ఉన్నది. 2008లో అంతర్జాతీయ ప్రమాణముగా వెలసిన ఎల్ఎంఎఫ్ (లెక్సికల్ మార్కప్ ఫ్రేమ్‌వర్క్) మధ్యేమార్గము: ఆరోపము, అనగా నిఘంటువున చేర్చిన పదము, ఒకటి, దాని క్రింద రూపములు ఒక శాఖ, అర్థములు మరియొక శాఖ.

ఈ మూటిని ఒక పదముతో పరీక్షింతము. రాయలసీమలో 'అంగడి' యనగా నిత్యము తెరచియుండు దుకాణము. తెలంగాణమున అదే మాటకు వారపు సంత యని అర్థము. కోస్తాలో దుకాణమును 'కొట్టు' అందురు. టీఈఐ పద్ధతిలో ప్రాంతసూచిక నెక్కడనైనను చేర్చవచ్చును గాని, మూలగ్రంథము చెప్పని దానిని గుర్తులు చెప్పలేవు. వర్డ్‌నెట్‌లో అంగడి రెండు గుంపులలో చేరును, కొట్టు ఒక గుంపులో చేరును. ఎవరు ఏది యందురో ఆ గుంపునుబట్టి తెలియదు. ప్రాంతము పదమునకు కట్టినచో తెలంగాణపు అంగడి సీమకు, సీమ అంగడి తెలంగాణమునకు అంటుకొనును. కనుక దానిని కట్టవలసినది పదమునకును అర్థమునకును గల సంబంధమునకే. రూపమును, అర్థమును విడదీసిన ఎల్ఎంఎఫ్ నిర్మాణములో ఇది సులభసాధ్యము. 1970లో కంప్యూటరు శాస్త్రజ్ఞుడు కాడ్ దత్తాంశనిల్వకై ప్రతిపాదించిన పట్టికల పద్ధతిలోనైనను, పదము, అర్థము, ఊరు అను మూడు గడులు గల ఒక్క పట్టిక చాలును.

అట్టి పట్టికలో ఊరి గడిని జిల్లా పేరుతోనో రాష్ట్రపు పేరుతోనో నింపరాదు. ధర్మపురి జిల్లా సేలము నుండి విడివడినది 1965లో. కృష్ణగిరి దాని నుండి వేరైనది 2004లో. ఆ గడిలో కడత్తూరు అనియే వ్రాసికొని, అక్షాంశ రేఖాంశములు చేర్చిన చాలును. జిల్లాను యంత్రము వెదకికొనును.