ఈపీఏబీఎక్స్‌: బయటి కాల్స్‌కు దారి, కట్టడి

ఆఫీసులోని ఒక ఎక్స్‌టెన్షన్ నుంచి బయటికి కాల్ పోనివ్వాలా, పోనిస్తే ఏ లైను మీద పంపాలి అన్నది ప్రైవేటు ఎక్స్ఛేంజి (ఈపీఏబీఎక్స్) తనంతట తానే తేల్చుకునే ఏర్పాటు ఇది. మొదటి పనిని కాల్ బారింగ్ అంటారు. ‘ఈ ఫోనుకు ఎస్టీడీ ఫెసిలిటీ లేదండీ’ అన్న మాట దాని గురించే. రెండో పని పేరు ఆటోమేటిక్ రూట్ సెలెక్షన్.

మొదట్లో రెండూ ఆపరేటరు పనులే. బోర్డు ముందు కూర్చుని తీగలు గుచ్చే మనిషికి ఏ గొంతు ఎవరిదో తెలుసు. మేనేజరు అడిగితే ట్రంక్ కాల్ బుక్ చేయాలని, కుర్ర గుమాస్తా అడిగితే ఎందుకో కనుక్కోవాలని ఎవరూ రాసి ఇవ్వనక్కర్లేదు. 1891లో అమెరికాలోని కాన్సస్ సిటీకి చెందిన ఆల్మన్ స్ట్రోజర్ ఆటోమేటిక్ స్విచ్‌కు పేటెంటు పొందాడు. ఆ తరహా యంత్రాలు ఆఫీసుల్లోకి వచ్చాక లోపలి కాల్స్ వాటంతట అవే కలిశాయి. బయటి లైను కావాలంటే అమెరికాలో 9, మన ఆఫీసుల్లో ఎక్కువగా 0 తిప్పేవారు. దూరపు కాల్స్ మాత్రం ఇంకా ఆపరేటరు చేతిలోనే ఉండేవి కాబట్టి యజమానులకు దిగుల్లేదు.

1951 నవంబరు 10న న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్ మేయరు కాలిఫోర్నియాలోని అలమీడా మేయరుకు నేరుగా డయల్ చేయడంతో ఆ నిశ్చింత పోయింది. మన దేశంలో దూరపు ఊళ్లకు ఇలా నేరుగా డయల్ చేసే ఎస్టీడీ 1960లో కాన్పూర్, లక్నోల మధ్య మొదలైంది. ఎంత ఖర్చయిందో బిల్లు వచ్చేదాకా తెలియని రోజులవి. తొలి విరుగుడు మోటుగానే ఉండేది: డయల్ రంధ్రంలో బుల్లి తాళం బిగించేవారు. దానికీ చిట్కా ఉంది. రిసీవరు పెట్టే మీటను లయ తప్పకుండా ఐదుసార్లు తడితే ఐదు, పదిసార్లు తడితే సున్నా పోయేది! ఆ తర్వాత కాపలా ఎక్స్ఛేంజి లోపలికే చేరింది. బయటి లైను దొరికాక వచ్చే తొలి అంకె సున్నా అయితే ఎస్టీడీ, రెండు సున్నాలైతే విదేశీ కాల్, అంటే ఐఎస్డీ. అనుమతి లేని ఎక్స్‌టెన్షన్ నుంచి ఆ అంకె వస్తే లైను తెగిపోయేది.

దారి ఎంపిక అవసరం లైన్ల రకాలు పెరగడం వల్ల వచ్చింది. 1961లో అమెరికా టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ పెద్ద కంపెనీల కోసం వాట్స్ అనే టోకు ధర లైన్లు తెచ్చింది. బ్రాంచి ఆఫీసులను కలిపే అద్దె లైన్లు సరేసరి. ఏ ఊరికి ఏది చవకో ఉద్యోగి గుర్తుపెట్టుకోవడం అయ్యే పని కాదు. 1975లో రోల్మ్ సీబీఎక్స్, నార్తర్న్ టెలికాం ఎస్ఎల్-1 వచ్చాయి. ఇవి కంప్యూటరు నడిపే ఎక్స్ఛేంజీలు. నొక్కిన అంకెలను దాచుకుని, పట్టిక చూసి, చవక లైను నుంచి మొదలుపెట్టి వరసగా ప్రయత్నించే తీరుకు ఇవి అనువైనవి.

ఏటీ అండ్ టీ పద్ధతిలో ప్రతి ఎక్స్‌టెన్షన్‌కూ 0 నుంచి 7 వరకు ఒక స్థాయి ఉంటుంది. పట్టికలోని ప్రతి దారికీ అలాంటి అంకే ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ స్థాయి దారి అంకెకు సమానంగానో ఎక్కువగానో ఉంటేనే కాల్ అటు వెళ్తుంది. చవక లైన్లన్నీ నిండితే మేనేజరు కాల్ ఖరీదైన లైను ఎక్కుతుంది, గుమాస్తాది ఆగిపోతుంది. దారి చూపేదీ అడ్డుపడేదీ ఒకే పట్టిక. నా దృష్టిలో దీని అసలు తెలివి ఇదే. హోదా అన్నది ఇంత నిక్కచ్చిగా అంకెలకెక్కిన చోట్లు తక్కువ.

మన దగ్గర 1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ తొలి ఉత్పత్తుల్లో 128 పోర్టుల ఎక్స్ఛేంజి ఒకటి. తర్వాత ఇంటర్నెట్ ఫోన్లు వచ్చాక మన దగ్గర ఒక చిక్కు ఎదురైంది. హైదరాబాదు నుంచి కాల్‌ను కంపెనీ సొంత డేటా లైనులో బెంగళూరు ఆఫీసుకు చేర్చి, అక్కడ లోకల్ కాల్‌గా బయటికి వదలడం చాలా దేశాల్లో మామూలు పొదుపు. ఇక్కడ ఎస్టీడీ చార్జీ ఎగ్గొట్టడం కిందికి వస్తుందని నిబంధనలు ఒప్పుకోలేదు. అందుకే నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో తన ఎక్స్ఛేంజిలో ‘లాజికల్ పార్టిషనింగ్’ అనే అడ్డుగోడ పెట్టింది.

ఈ పట్టికకు ఒక లోపం ఉంది: అందులో రాసిపెట్టిందే ఎక్స్ఛేంజి చూస్తుంది. ఉత్తర అమెరికాలో 1995 వరకు ఏరియా కోడు నడిమి అంకె 0 లేదా 1. ఆ ఏడాది అలబామాకు 334, వాషింగ్టన్ రాష్ట్రానికి 360 ఇవ్వగానే, పాత ఎక్స్ఛేంజీలు ఎన్నో అలాంటి కోడే లేదనుకుని కాల్స్ ఆపేశాయి. అత్యవసర కాల్‌కూ ఇలాంటి గతే పట్టింది. 2013లో టెక్సస్‌లోని మార్షల్ పట్టణంలో ఒక హోటల్ గదిలో కరీ హంట్ హత్యకు గురైంది. ఆమె తొమ్మిదేళ్ల కూతురు అమెరికా అత్యవసర నంబరు 911కు నాలుగుసార్లు డయల్ చేసినా కాల్ పోలేదు. బయటి లైను కోసం ముందు ఇంకో 9 కొట్టాలని ఆ పిల్లకు తెలియదు. కరీ హంట్ పేరిట 2018లో వచ్చిన చట్టం ప్రకారం, 2020 ఫిబ్రవరి 16 తర్వాత పెట్టే ఎక్స్ఛేంజీల్లో 911 నేరుగా కలవాలి. ఆ కాల్ వెళ్లిందని రిసెప్షన్‌లోనో సెక్యూరిటీ దగ్గరో ఉన్న మనిషికి వెంటనే తెలియాలి కూడా.