అర సెకను కోసం

మొన్న కాఫీ మిషను దగ్గర మా టీమ్ కుర్రాడొకడు, "అన్నా, ఆదివారం పొద్దున్నే అవుటర్ మీద మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఒక పట్టు పడదాం, వస్తావా?" అన్నాడు. వాడి బాధల్లా ఒకటే. సెకండు నుంచి థర్డ్‌కి మార్చేటప్పుడు అర సెకను పోతోందట.

ఆ అర సెకనుది పెద్ద కథే. 1890లనాటి కార్లలో గేరు మార్చడమంటే తిరుగుతున్న పళ్ళచక్రాల్ని జరిపి ఒకదానికొకటి తగిలించడమే. వేగాలు కలవకపోతే కర్రుమని మోత. అందుకే పాతకాలం డ్రైవర్లు క్లచ్ రెండుసార్లు తొక్కేవారు, న్యూట్రల్‌కి ఒకసారి, గేరు వెయ్యడానికి ఇంకోసారి. 1928లో కాడిలాక్ వాళ్ళు సింక్రోమెష్ తెచ్చారు. ముందు రాపిడితో రెండిటి వేగం సమానమవుతుంది, ఆ తర్వాతే పళ్ళు కలుస్తాయి. మన భాషలో చెప్పాలంటే, హ్యాండ్‌షేక్ అయ్యాకే డేటా!

డ్రాగ్ రేసువాళ్ళకి ఈ హ్యాండ్‌షేక్‌తోనే పేచీ. ఉన్నది పావు మైలు, అంటే 402 మీటర్లు. క్లచ్ తొక్కి ఉన్నంతసేపూ ఇంజను బలం చక్రాలకి అందదు. అందుకని లివరు కదలాల్సిన దూరం తగ్గించే షార్ట్ షిఫ్టరు పెట్టారు. యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యకుండానే క్లచ్ టక్కున తన్ని గేరు లాగే పవర్ షిఫ్టు నేర్చారు. మామూలు కారుతో ఆ పని చేస్తే సింక్రో రింగులు, క్లచ్ ప్లేటు త్వరగా చేతికొస్తాయి. 2003లో ఫోక్స్‌వాగన్ రెండు క్లచ్‌ల డీఎస్‌జీని మామూలు కారులో పెట్టి అమ్మాక, ఈ విద్యలో మనిషి మిషనుకి ఓడిపోయినట్టే.

నన్నడిగితే అసలు చరిత్ర గేరుది కాదు, చోటుది. కాలిఫోర్నియా కుర్రాళ్ళూ ఒకప్పుడు వీధుల్లోనే పందేలు వేసుకునేవారు. వాళ్ళని రోడ్ల మీంచి తప్పించాలని వాలీ పార్క్స్ 1951లో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ పెట్టాడు. దాని మొదటి రేసు 1953లో పొమోనాలో, ఒక పార్కింగు స్థలంలో, పోలీసుల సహకారంతోనే జరిగింది. మద్రాసు వాళ్ళు పాత షోలవరం ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు నడిపి, 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ట్రాకే కట్టుకున్నారు. మరి మనకో? 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ ఒక్కసారి జరిగి ఆగిపోయింది. ఆ కార్లకి మార్చడానికి గేర్లే లేవు!

అందుకే అందరి కళ్ళూ 158 కిలోమీటర్ల అవుటర్ మీద. 100 స్పీడులో అర సెకను మిగిలితే 14 మీటర్లు, మూడు కార్ల పొడవు. కానీ 120లో, ముందు లైట్లు లేకుండా ఆగిన లారీని చూసి బ్రేకు మీదకి కాలు వెళ్ళడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకోండి, 50 మీటర్లు అయిపోయినట్టే. 2011లో అజహరుద్దీన్ కొడుకు అయాజుద్దీన్ ఈ అవుటర్ మీదే బైకు ప్రమాదానికి గురై చనిపోయాడు. పంతొమ్మిదేళ్ళు. 2019 సవరణ తర్వాత రోడ్డు మీద పందెం వేస్తే మూడు నెలల జైలు దాకా పడొచ్చు. జైలు సరే, వెళ్ళడానికి వేరే చోటేదీ?

"చెన్నై ట్రాక్‌కి పోదాం, పెట్రోలు ఖర్చు నాది" అన్నాను. వాడింకా ఆలోచిస్తున్నాడు. ఆదివారం లోపు ఒప్పుకుంటే బావుణ్ణు.