శుభలేఖ – పిలుపు మర్యాద

శివధనుర్భంగమైన పిమ్మట జనకుడు దశరథునికడకు దూతలను పంపెను. త్రోవలో మూడు రాత్రులు గడిపి అయోధ్య చేరిన ఆ దూతలు వచ్చీరాగానే పెండ్లిమాట ఎత్తలేదు. గురుపురోహితులతో కూడ రాజు కుశలమును జనకుని మాటగా అడిగి, పిదపనే వివాహవార్త విన్నవించిరి. బాలకాండమునందలి ఈ వరుసయే పిలుపునకు మూలమని మా అభిప్రాయము.

మా బాల్యమున పురోహితుడు లగ్నపత్రికను చేతితో వ్రాసి పసుపు కుంకుమలు అద్ది ఇచ్చెడివాడు. అచ్చు వచ్చెను, శివకాశి రంగుల కార్డులు వచ్చెను, నేడు సెల్‌ఫోను! నాలుగు మూలల పసుపు సైతము అచ్చురంగే అగుచున్నది. తొమ్మిది నెలలు పెంచి, త్రవ్వి, ఉడికించి, ఎండించి నిజామాబాదు యార్డుకు పసుపు తోలు ఆర్మూరు సీమలో, 2025లో జాతీయ పసుపు బోర్డు వెలసిన జిల్లాలో, చిటికెడు పసుపునకు కరవా?

కార్డుపై దేవతామూర్తులను వేయించుట మేము ఒప్పము. పెండ్లి మర్నాడు అది ఏ చెత్తకుప్పపై పడునో! "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" చాలును. పెద్దలను గడప ఎక్కి బొట్టుపెట్టి పిలువుడు. దూరస్థులకు ఫోనులో పంపినను, ముందు క్షేమమడిగి పిదప ముహూర్తము చెప్పుడు. తొలి ప్రతి మాత్రము కులదైవమునకే. ఆర్మూరువారు సిద్ధులగుట్ట ఎక్కి సిద్ధేశ్వరుని సన్నిధిని ఉంచి, పిమ్మట మిగిలినవి పంచవచ్చును.