ఖాలీ డబ్బాలు, నిండు డబ్బాలు: ఇల్లందు బొగ్గు రైలు నక్షా

బొగ్గుగని రైలు నమూనాను ఇంట్లో కట్టుకోవాలంటే మామూలుగా దొరికే జాగా ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న ఒక బల్ల. 1:87 కొలతలో ఆ ఎనిమిది అడుగులు అసలు నేల మీద 212 మీటర్లకు సమానం. స్టేషన్ యార్డే పూర్తిగా పట్టదు, ఇక ఇల్లందు నుంచి డోర్నకల్ దాకా లైను ఎక్కడ పడుతుంది! ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి? నక్షా గీసేవాడికైనా తారీఖ్ రాసేవాడికైనా మొదటి సవాల్ ఇదే. నేను మన ఇల్లందునే తీసుకుని ఈ నక్షా గీశాను.

ముందు జమానా తేల్చుకోవాలి. ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని జియలాజికల్ సర్వేకి చెందిన డాక్టర్ కింగ్ 1871లో కనిపెట్టాడు. అక్కడి ముఖ్యమైన బొగ్గు పొరకు ఇప్పటికీ ఆయన పేరే. కానీ మోసుకుపోయే దారి లేని బొగ్గు నల్లరాయితో సమానం. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి. అదే ఏడాది రైలు వరంగల్ చేరింది. 1888లో డోర్నకల్ నుంచి గనుల దాకా శాఖ లైను పడింది. 1889లో పెద్ద లైను బెజవాడ అందుకుంది. అందుకే నా బల్ల మీద కాలం 1889 తర్వాతిది.

ఇప్పుడు పట్టాలు. బల్ల మధ్యలో పొడవునా ఒక అడ్డుగోడ నిలబెట్టాలి. ఒకవైపు ఇల్లందు గని, రెండోవైపు డోర్నకల్‌లో ఇంజన్లకు బొగ్గు పోసే చోటు. రెండింటినీ చుట్టి వచ్చే లైను ఒకటి. అసలు కిటుకు గోడలో ఉంది. దాని గుండా రెండు పక్కలైన్లు దూర్చాలి. గని దగ్గర ఖాలీ డబ్బాలను మొదటి దాంట్లోకి నెడితే, అవతల డోర్నకల్‌లో బొగ్గు దించేసిన డబ్బాలుగా బయటికొస్తాయి. అక్కడ నిండు డబ్బాలను రెండో దాంట్లోకి నెడితే, ఇవతల అప్పుడే నింపిన డబ్బాలుగా కనిపిస్తాయి. చేత్తో బొగ్గు పోయనక్కర్లేదు, తీయనక్కర్లేదు. నిండు బండి ఎప్పుడూ గని నుంచే పోతుంది, ఖాలీ బండి ఎప్పుడూ గనికే వస్తుంది.

పక్కలైను పొడవును బండి పొడవే నిర్ణయిస్తుంది. నాలుగు చక్రాల డబ్బా ఈ కొలతలో సుమారు ఎనిమిది సెంటీమీటర్లు. ఆరు డబ్బాలు, ఒక ఇంజన్, వెనక గార్డు డబ్బా కలిపితే ముప్పావు మీటరు. ఇంజన్ ఒక కొస నుంచి ఇంకో కొసకు మారే లూపు దీనికి తక్కువ కాకూడదు. ఒక లోపం మాత్రం తప్పదు. మన బ్రాడ్‌గేజ్ వెడల్పు 1676 మిల్లీమీటర్లు, అంటే ఈ కొలతలో 19 మిల్లీమీటర్లు దాటాలి. బజార్లో దొరికే పట్టాల వెడల్పు 16.5 మాత్రమే.

పట్టాలు, డబ్బాలు కుదిరాక కూడా నక్షాలో ఒక ఖాళీ మిగులుతుంది. ఈ రైలు కరార్లు ఎవరు రాశారు, ఎవరి ఖజానా మీద రాశారు? రైల్వే కంపెనీ పెట్టుబడికి ఇరవై ఏళ్లపాటు ఏడాదికి 5 శాతం వడ్డీ ఇస్తామని నిజాం హుకూమత్ హామీ పడింది. 1883లో ఈ చాందా రైల్వే పథకం హిసాబ్ ఏమిటని అడిగినవారిలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం, సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయ ఉన్నారు. అఘోరనాథను రియాసత్ నుంచే వెళ్లగొట్టారు. అయిదేళ్లకు, 1888లో, గని కంపెనీ వాటాల వ్యవహారం లండన్ పార్లమెంటు కమిటీ ముందుకొచ్చింది. రియాసత్ తరఫున బేరాలు నడిపిన సర్దార్ అబ్దుల్ హఖ్ కొలువు పోయింది. అడిగినవాళ్ల సవాల్ ఉత్తది కాదని అప్పుడు తేలింది. అందుకే గోడకు ఇల్లందు వైపు కొండలూ అడవీ గీసినా, డోర్నకల్ వైపు ఈ తారీఖులన్నీ రాయాలనుకున్నాను.

ఇక మజ్దూర్లు. ఈ కొలతలో మనిషి ఎత్తు రెండు సెంటీమీటర్లు. నమూనాలు కట్టేవాళ్లు ఇంజన్‌కు నెలలు వెచ్చిస్తారు, మనుషుల్ని చివర్లో నాలుగు అతికిస్తారు. బొగ్గుబాయి విషయంలో అది తారీఖ్‌కు అన్యాయం. తట్టా చెమ్మస్ పట్టి టబ్బు నింపినవాడు లేకపోతే డబ్బా నిండేదెలా? నా నక్షాలో బాయి మొగ దగ్గరే ఎక్కువ జాగా వదిలాను. టబ్బుల పట్టాలు, వాటి పక్కన మనుషులు, వాళ్ల వెనక ఇళ్ల వరుస. దానికోసం ఒక పక్కలైను తగ్గించుకున్నా ఫరవాలేదు.

సింగరేణి పేరుతో 1920లో కంపెనీ ఏర్పడింది, తర్వాత కేంద్రం కొత్తగూడెం అయింది. ఇల్లందును మాత్రం జనం ఇప్పటికీ బొగ్గుట్ట అంటారు. మీ ఇంట్లో దాదాలు, నానాలు బాయిపని చేసి ఉంటే, వాళ్లు ఏ బాయిలో, ఏ పనిలో ఉన్నారో పిల్లల చేత ఒక కాగితం మీద రాయించండి. కంపెనీ లెక్కల్లో టన్నులు దొరుకుతాయి. ఆ మెహనత్ గురించి చెప్పగలిగేది ఇంట్లోవాళ్లే.