తెరచాప కొలువు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల – మూడూ సముద్రం ఎరుగని ఊళ్ళే. అయినా కడలి దాటిపోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. గల్ఫు వలస ఇక్కడ ఇంటింటి కథ. దానికి చాలా ముందటి అధ్యాయం ఒకటి ఉన్నది.

నేటి జగిత్యాల జిల్లాలో, గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో శాతవాహన మూలపురుషుడు సిముకుని నాణేలు లభించాయి. అదే వంశానికి చెందిన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ కనబడుతుంది. ఓడను ముద్రించిన రాజు పేరు మిగిలింది. చాపలెత్తిన కళాసీల పేర్లు మిగలలేదు. గోదావరి కడలిలో కలిసే చోటికి చేరువలోని కోరంగి రేవుదీ అదే కథ. అక్కడి ఓడలు బర్మాకు వెళ్ళేవి. 1839 నాటి తుఫాను ఆ రేవును దెబ్బ తీసింది.

పేర్లు దక్కిన యాత్ర మన కాలంలో జరిగింది. 2017 సెప్టెంబరు 10న నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళాధికారులు 'తారిణి' అనే 56 అడుగుల తెరచాప పడవలో గోవా నుంచి భూప్రదక్షిణకు బయలుదేరారు. వారిలో హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖకు చెందిన పి. స్వాతి తెలుగువారు. అనుకున్న మజిలీలు నాలుగు. చుక్కాని యంత్రం చెడి మారిషస్‌లో అయిదవసారి ఆగవలసివచ్చింది. 2018 మే 21న గోవా చేరారు.

యజమాని పడవను ఒక రేవు నుంచి మరొక రేవుకు నడిపి అప్పగించే బృందంలో చేరదలచినవారికి ఈ యాత్రలోనే పాఠమున్నది. చేరే తేదీని నమ్మరాదు. గాలీ, మరమ్మతులూ దానిని నిర్ణయిస్తాయి. రేయింబవళ్ళు వంతులవారీ కాపలా, ముక్కలైన నిద్ర, మొదటి రోజుల్లో వాంతులు, కొలిచి వాడుకునే మంచినీళ్ళు తప్పవు. చీకటిలో పైతట్టు మీదికి పోయేటప్పుడు ఛాతీకి రక్షణ పట్టీ, దానిని పడవకు బిగించే తాడు ఉండి తీరాలి. అనుభవం లేనివారికి జీతం ఉండకపోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం: భోజనం, బీమా, తిరుగు టికెట్టు ఎవరి ఖర్చో ఎక్కకముందే కాగితం మీద ఉండాలి. నోటిమాట నమ్మి సముద్రం దాటితే ఏమవుతుందో మన ఊళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. నాణెం మీద పేరు లేకపోయినా, ఒప్పందం మీద కళాసీ పేరు ఉండవలసిందే.