ఇంటి కంప్యూటర్‌కు మాల్వేర్ సోకితే: ఫ్లాపీల నుంచి వన్నాక్రై వరకు

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- ఫ్లాపీల కాలంలో వైరస్‌లు వ్యాపించిన తీరును తెలుపగలుగుతారు.
- 1989 నాటి ఎయిడ్స్ ఫ్లాపీ ఉదంతాన్ని, దాని ప్రాముఖ్యాన్ని వివరించగలుగుతారు.
- మాల్వేర్ సోకినప్పుడు ఏ క్రమంలో వ్యవహరించాలో చారిత్రక ఉదాహరణలతో చెప్పగలుగుతారు.

1. పరిచయం

ఇంటర్‌నెట్ సెంటర్‌లో వాడిన పెన్‌డ్రైవ్‌ను ఇంటికి తెచ్చి తెరిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా కనిపించడం మీలో కొందరికి అనుభవమే. కష్టపడి టైపు చేసిన అసైన్‌మెంట్ పోయిందని భావించి వెంటనే ఫార్మాట్ చేసేవారు ఉన్నారు. నిజానికి ఆ రకం వైరస్ సాధారణంగా ఫైళ్లను చెరిపివేయదు, దాచిపెడుతుంది. వాటిని పోగొట్టేది ఫార్మాటే.

కంప్యూటర్‌కు, అందులోని సమాచారానికి హాని చేయడానికి రాసిన ప్రోగ్రాములన్నింటినీ కలిపి మాల్వేర్ అంటారు. వైరస్ అందులో ఒక రకం. మాల్వేర్ చేసే నష్టం ఎంత, భయంతో మనం చేసుకునే నష్టం ఎంత? ఈ ప్రశ్న 1989లోనే ప్రపంచం ముందుకు వచ్చింది. దానికి ముందున్న నేపథ్యాన్ని మొదట పరిశీలిద్దాం.

2. ఫ్లాపీల కాలం

1982లో అమెరికాలో రిచ్ స్క్రెంటా అనే పాఠశాల విద్యార్థి యాపిల్ 2 కంప్యూటర్ కోసం ఎల్క్ క్లోనర్ అనే ప్రోగ్రామ్ రాశాడు. స్నేహితులను ఆటపట్టించడమే అతని ఉద్దేశం. వైరస్ ఉన్న ఫ్లాపీతో 50వ సారి కంప్యూటర్‌ను ప్రారంభించినప్పుడు తెరపై ఒక చిన్న పద్యం కనిపించేది. 1986లో లాహోర్‌కు చెందిన బాసిత్, అంజద్ ఫారూఖ్ అల్వీ సోదరులు బ్రెయిన్ అనే వైరస్‌ను రూపొందించారు. తమ సాఫ్ట్‌వేర్‌ను అక్రమంగా కాపీ చేసేవారిని పట్టుకోవడానికే దానిని రాశామని వారు చెప్పారు. వైరస్‌లోనే తమ పేర్లు, చిరునామా, ఫోన్ నంబర్లు కూడా ఉంచారు.

ఈ రెండు వైరస్‌లూ ఫ్లాపీలోని బూట్ సెక్టార్‌లో ఉండేవి. ఫ్లాపీతో కంప్యూటర్‌ను ప్రారంభించినప్పుడు మొదట చదివేది ఆ భాగాన్నే. అందువల్ల వైరస్ ముందుగా మెమొరీలోకి చేరి, తరువాత వాడిన ఫ్లాపీలకు పాకేది. అటువంటి స్థితిలో ఫ్లాపీని శుభ్రం చేసినా వైరస్ మళ్లీ చేరేది. కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి, వైరస్ లేని ఫ్లాపీతో తిరిగి ప్రారంభించిన తరువాతే తొలగింపు పని మొదలుపెట్టాలి. 'సోకిన వ్యవస్థను నమ్మి వైద్యం చేయరాదు' అనే సూత్రం ఆ కాలపు అనుభవమే. ఈనాటికీ అది వర్తిస్తుంది.

3. ఎయిడ్స్ ఫ్లాపీ, 1989

1989 డిసెంబర్‌లో సుమారు 20,000 ఫ్లాపీలు తపాలా ద్వారా అనేక దేశాలకు చేరాయి. ఒక కంప్యూటర్ పత్రిక చందాదారులు, ఎయిడ్స్‌పై జరిగిన అంతర్జాతీయ సదస్సు ప్రతినిధులు వాటిని అందుకున్నవారిలో ఉన్నారు. ఎయిడ్స్ సోకే ప్రమాదాన్ని అంచనా వేసే ప్రశ్నావళి అందులో ఉంది. దానితోపాటు దాగిన మరో ప్రోగ్రామ్ కంప్యూటర్‌ను ఎన్నిసార్లు ప్రారంభించారో లెక్కపెట్టేది. ఆ లెక్క సుమారు 90కి చేరగానే డైరెక్టరీలను దాచి, ఫైళ్ల పేర్లను గుర్తుపట్టలేని అక్షరాలుగా మార్చేది. తరువాత, పనామాలోని ఒక పోస్టు బాక్సుకు 189 డాలర్లు పంపాలని తెరపై ప్రకటన వచ్చేది. నేడు రాన్సమ్‌వేర్ అని పిలిచే దోపిడీకి ఇది తొలి ఉదాహరణ.

పరిశోధకుల ఏళ్లనాటి శ్రమ ఆ కంప్యూటర్లలో ఉంది. భయంతో కొందరు హార్డ్ డిస్కులను పూర్తిగా చెరిపివేశారు. ఇంతలో బ్రిటన్‌కు చెందిన జిమ్ బేట్స్ ఆ ప్రోగ్రామ్‌ను విశ్లేషించాడు. మారినవి ఫైళ్ల పేర్లే కాని, లోపలి సమాచారం చెక్కుచెదరలేదని తేల్చాడు. మాల్వేర్‌ను తొలగించడానికి ఒకటి, పేర్లను పూర్వస్థితికి తేవడానికి మరొకటి చొప్పున రెండు ప్రోగ్రాములు రాశాడు. కొన్ని రోజులు ఓపిక పట్టినవారు తమ సమాచారాన్ని తిరిగి పొందగలిగారు. తొందరపడినవారికి ఆ అవకాశం లేకుండా పోయింది. గ్రంథాలయంలో కార్డు క్యాటలాగు తారుమారైతే పుస్తకాలు తగలబడినట్లు కాదు కదా!

ఈ కేసులో అమెరికన్ జీవశాస్త్రవేత్త జోసెఫ్ పాప్‌ను అరెస్టు చేశారు. మానసిక స్థితి కారణంగా ఆయన విచారణకు తగడని బ్రిటన్ న్యాయస్థానం నిర్ణయించింది.

4. మరమ్మతు, చట్టం

1990లలో భారతదేశంలోనూ వైరస్ సోకిన కంప్యూటర్లు మరమ్మతు దుకాణాలకు రాసాగాయి. పుణెలో అటువంటి దుకాణం నడుపుతున్న కైలాష్ కాట్కర్, ఆయన తమ్ముడు సంజయ్ కలిసి క్విక్ హీల్ యాంటీవైరస్‌ను రూపొందించారు.

2000 మే నెలలో 'ఐ లవ్ యూ' అనే ఈమెయిల్ వైరస్ ఫిలిప్పీన్స్ నుంచి ప్రపంచమంతటా వ్యాపించింది. ఆ నేరానికి తగిన చట్టం అక్కడ లేనందున నిందితునిపై కేసు నిలవలేదు. భారతదేశంలో సమాచార సాంకేతిక చట్టం అదే ఏడాది అక్టోబర్ 17న అమలులోకి వచ్చింది. కంప్యూటర్ వైరస్‌ను ఆ చట్టంలోని 43వ సెక్షన్ నిర్వచించింది.

5. వన్నాక్రై, 2017

ఎయిడ్స్ ఫ్లాపీ పాఠం అన్ని సందర్భాలకూ సరిపోదు. 2017 మే 12న విజృంభించిన వన్నాక్రై ఫైళ్ల పేర్లతో ఆగక, లోపలి సమాచారానికే తాళం వేసింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. దానిని వేసుకోని యంత్రాలే ప్రధానంగా దెబ్బతిన్నాయి. మార్కస్ హచిన్స్ అనే బ్రిటిష్ యువకుడు ఆ ప్రోగ్రామ్‌లో కనిపించిన ఒక డొమైన్ పేరును నమోదు చేయడంతో వ్యాప్తి తగ్గింది. అయితే అప్పటికే తాళం పడిన ఫైళ్లు అలాగే ఉండిపోయాయి. విడిగా దాచుకున్న నకలే చాలామందికి దిక్కయింది.

6. చరిత్ర సూచించే క్రమం

(1) ముందుగా ఇంటర్‌నెట్‌ను తొలగించండి. పెన్‌డ్రైవ్‌లను మరో కంప్యూటర్‌కు పెట్టవద్దు.
(2) దేనినీ ఫార్మాట్ చేయవద్దు. తెరపై వచ్చిన ప్రకటనను ఫోన్‌తో ఫొటో తీయండి.
(3) ఫైళ్లు దాగాయా, తాళం పడ్డాయా, చెరిగిపోయాయా అన్నది తెలిసినవారితో తేల్చుకోండి.
(4) శుభ్రమైన మరో పరికరం నుంచి బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లు మార్చండి. డబ్బు పోతే 1930కు ఫోన్ చేయండి.
(5) శుభ్రమైన డిస్కుతో ప్రారంభించి స్కాన్ చేయండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచిత సాధనాలను అందిస్తోంది.
(6) సమాచారం భద్రమైందని రూఢి అయ్యాకే, అవసరమైతే ఫార్మాట్ చేయండి.

డబ్బు చెల్లించినా ఫైళ్లు తిరిగి వస్తాయన్న హామీ లేదు.

7. సారాంశం

1989లో ఓపిక సమాచారాన్ని కాపాడింది. 2017లో ముందుగా దాచుకున్న నకలు కాపాడింది. ఏది అవసరమో నష్టం స్వభావం తెలిస్తేనే నిర్ణయించగలం. కాబట్టి నకలు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. మాల్వేర్ సోకిన రోజున మాత్రం పరిశీలన ముందు, చర్య తరువాత.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. శుభ్రమైన ఫ్లాపీతో కంప్యూటర్‌ను ప్రారంభించడం ఎందుకు అవసరమైంది?
2. ఎయిడ్స్ ఫ్లాపీ, వన్నాక్రై చేసిన నష్టాలను పోల్చండి.
3. మీ అసైన్‌మెంట్ ఫైళ్లకు ఈరోజు ఎన్ని నకళ్లు ఉన్నాయి? అవి ఎక్కడెక్కడ ఉన్నాయో రాయండి.