లైట్ నుంచి హెవీకి: లైసెన్సు మెట్లలో ఎక్కడ ఆగిపోతున్నాం?

మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ మూడు చోట్లా ఆర్టీసీ డిపోలున్నాయి. ఆ గేట్ల ముందే ఆటో తోలుకునే మన పేటల కుర్రాళ్లు లోపలి బస్సు స్టీరింగ్ పట్టాలంటే కులం సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. రిజర్వేషన్ ఉన్నా, హెవీ లైసెన్సు లేకపోతే దరఖాస్తే నిలవదు. నోటిఫికేషన్ పడ్డాక పరిగెత్తితే అందేది కాదది.

ఎందుకంటే చట్టంలో వరస ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 ఏళ్లకు కారు లైసెన్సు, అంటే ఎల్ఎంవీ, తీసుకోవచ్చు. అది చేతికొచ్చి ఏడాది నిండితేనే ట్రాన్స్‌పోర్టు వాహనానికి ఎల్ఎల్ఆర్ ఇస్తారు. వయసు 20 దాటాలి. వైద్యుడి ధ్రువపత్రం, డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 కావాలి. పేదవాడు ఆగిపోయేది ఈ స్కూలు ఫీజు దగ్గరే. ఒకప్పుడు సరుకుల బండికీ ప్రయాణికుల బండికీ, మీడియం, హెవీ అంటూ నాలుగు తరగతులుండేవి. 1994 సవరణ వాటిని ‘ట్రాన్స్‌పోర్టు వాహనం’ అనే ఒక్క తరగతిలో కలిపింది. ఊళ్లో మాట మాత్రం ఇంకా ‘హెవీ’యే.

దీనికంటే పెద్ద గోడ చదువు. ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకు ఎనిమిదో తరగతి పాసవ్వాలనే నిబంధన ఉండేది. బడి మధ్యలో మాన్పించి కూలికి పంపింది ఎవరి పిల్లల్నో వేరే చెప్పక్కర్లేదు. కేంద్రం 2019 సెప్టెంబరులో ఆ నిబంధన తీసేసింది. ఇప్పుడు ఏ ఏజెంటైనా ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ కోసమంటూ డబ్బడిగితే ఇవ్వకండి.

ఇక చిన్న బండ్ల సంగతి. నాగాయలంక, కోడూరు నుంచి రొయ్యలు ఎక్కించుకెళ్లే వ్యాను ప్రమాదానికి గురైతే, డ్రైవరుకు ట్రాన్స్‌పోర్టు ఎండార్స్‌మెంట్ లేదని బీమా కంపెనీలు తప్పుకోజూసేవి. పరిహారం భారం బండి యజమాని మీద పడేది. అప్పు చేసి కొన్న ఒక్క బండే ఆస్తి అయినవాడికి అది ఇల్లు కూలినట్టే. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చింది. లోడుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు మించని వాహనానికి ఎల్ఎంవీ లైసెన్సు చాలు. ఆ బరువు ఆర్‌సీలోనే ఉంటుంది, చూసుకోండి. ఈ-రిక్షాలకు, ప్రమాదకర సరుకుల వాహనాలకు ఈ వెసులుబాటు లేదు. బస్సుకూ పెద్ద లారీకీ అసలే లేదు.

2021లో రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటికీ రేషన్ అందించేందుకు 9,260 వాహనాలు తెచ్చి, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ యువతకు రాయితీపై ఇచ్చింది. 2025 జూన్ 1 నుంచి ఆ పథకమే ఆగింది. వాటిని నడిపినవారి చేతిలో ఎల్ఎంవీ, నాలుగేళ్ల అనుభవం రెండూ ఉన్నాయి. హెవీకి కావాల్సిన మొదటి మెట్టు వాళ్లు ఎప్పుడో ఎక్కేశారు. ఎస్సీ కార్పొరేషన్ శిక్షణ ఫీజు భరిస్తే మిగిలిన మెట్లూ ఎక్కుతారు. సంఘాలు ఈ డిమాండును జిల్లా కలెక్టరు ముందు పెట్టాలని మేము కోరుతున్నాం.

చేతిలో హెవీ ఉన్నవాళ్లకు ఒక మాట. దాని గడువు ఐదేళ్లే. పూర్వం గడువు తీరాక 30 రోజుల వెసులుబాటు ఉండేది, 2019 సవరణతో అదీ పోయింది. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కు పెట్టుకోవచ్చు. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు నిలబడాలి.